చెప్పులతోనే లోపలికి రమ్మన్న అనసూయ అత్తమ్మ

నిన్న పొద్దున ఫోన్‌లో కొత్తిమీర ఆర్డర్ పెడుతున్నాను. అంతలో అన్నయ్య కాల్.

"అత్తమ్మ పోయిందే. నిద్రలనే పోయింది."

ఏ అత్తమ్మ అని అడిగాను! మాకున్నదే ఒక్క మేనత్త.

మొన్ననే కదా ఫోన్ చేసి "తెల్లాపూర్ల గంత ఎత్తు అపార్ట్‌మెంట్ల ఉంటివి, నీకు కొత్తిమీర ఎవలు తెచ్చిస్తరే?" అని నన్ను ఆటపట్టించింది. మళ్లీ ఆ గొంతు వినను అంటే ఎలా నమ్మాలి?

ఏడుపు ఆగడం లేదు. అందుకే రాస్తున్నా.

మీలో చాలామందికి ఆమె "పటాన్‌చెరు సూపర్‌మార్కెట్ ఆంటీ". నాకు మాత్రం కిరాణా కొట్టు అత్తమ్మ. గద్దె మీద వీరేశం మామయ్య, తరాజు దగ్గర ఆమె. ఇంగువ, బెల్లం, కొత్త గోనెసంచులు కలిసిన వాసన. సెలవుల్లో నేను కందిపప్పు బస్తా ఎక్కి పుట్నాలు బుక్కేదాన్ని. "దుకాణమంత నీ కడుపులకే పోతున్నదే" అని తిట్టేది. తిడుతూనే ఇంకో గుప్పెడు పోసేది.

సూపర్‌మార్కెట్ పెట్టాలన్నది పూర్తిగా అత్తమ్మ పట్టు. ఎవరిదో పెళ్లికి హైదరాబాద్ వెళ్లి ఒకటి చూసొచ్చింది. ఇక ఊరుకుంటేనా!

మామయ్యకు ఇష్టం లేదు. అది వాళ్ల తాతల గద్దె. "నడవకపోతే మళ్ల పాత కొట్టే పెడ్త. అప్పుడు నువ్వు మాట్లాడొద్దు" అన్నాడు. అత్తమ్మ సరేనంది.

గోడలు కొట్టేశారు. తెల్లటి టైల్స్, అద్దాల తలుపు, ఏసీ. ఎదురుగా పెద్ద లక్ష్మీదేవి పటం.

ఓపెనింగ్ రోజు పూజ కదా, అందరూ చెప్పులు బయట విడిచి వచ్చారు.

మరునాడు కూడా విడిచే వచ్చారు. ఆ తరువాత కూడా అంతే. ఆ తెల్లటి టైల్స్, లక్ష్మి పటం చూసి ఎవరికీ చెప్పులతో అడుగు పెట్టబుద్ధి కాలేదు. గడప బయట చెప్పుల కుప్ప చూసి మామయ్య మురిసిపోయాడు. "సూసినవా, మన దుకాణానికి ఎంత ఇజ్జతో!"

ఇజ్జత్ ఉంది కానీ గిరాకీ లేదు.

పాశమైలారం కంపెనీల బస్సులు మా దుకాణం ముందే ఆగేవి. షిఫ్ట్ దిగినవాళ్లంతా అద్దంలోంచి లోపలికి చూసేవాళ్లు. చూసి, వెనక గల్లీలోని చిన్న కొట్టుకు వెళ్లిపోయేవాళ్లు. మామయ్య ర్యాకులు ఎవరైనా కొంటారేమోనని అడగడం కూడా మొదలుపెట్టాడు. అత్తమ్మ అన్నం సరిగా తినేది కాదు.

ఒకరోజు ఒడిశా నుంచి పనికి వచ్చినతను గడప బయట నిలబడి సబ్బు కావాలని కేకేశాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నా. "అందర్ ఆవ్" అంది అత్తమ్మ. అతను సిగ్గుపడుతూ తన కాళ్లు చూపించాడు. చీలమండ పైదాకా లేసులు బిగించిన సేఫ్టీ షూస్. పొద్దంతా మెషీన్ దగ్గర నిలబడి వచ్చినవాడు, ఒక్క సబ్బు కోసం అవన్నీ ఎక్కడ విప్పుతాడు? విప్పితే సాక్సుల వాసన వస్తుందని కూడా భయం.

అత్తమ్మ వెనక్కి వెళ్లి, వానలో తడిసిన తన హవాయి చెప్పులు వేసుకుని ముందు తలుపులోంచి టపటపమంటూ లోపలికి వచ్చింది. తెల్లటి టైల్స్ మీద అంతా బురద!

మామయ్య తల పట్టుకున్నాడు. "లక్ష్మి ఉన్న తావుల చెప్పులా! నీకేమన్న దిమాక్ ఉన్నదా?"

"మనుషులే రాకపోతే లక్ష్మి యాడికెల్లి వస్తది? బురద తుడిస్తే పోతది" అంది.

ఆ రోజు నుంచి గడప దగ్గర నిలబడి, లేసుల కోసం వంగిన ప్రతి ఒక్కరినీ బూట్లు విప్పొద్దని గదమాయించేది. "జూతే నక్కో నికాలో! అందర్ ఆవ్!"

ఆ దక్కనీ హిందీకి నవ్వుకుంటూనే లోపలికి వచ్చారు. తరువాత భార్యల్ని తీసుకొచ్చారు. దుకాణం పక్కనున్న ఖాళీ మడిగెను కూడా కలుపుకుని పెరిగింది. ఆవనూనె, అటుకులు, సత్తుపిండి, ఎవరి ఊరి సరుకు వాళ్లకు దొరికేది. ఆ తరువాత సంగారెడ్డిలో ఇంకోటి.

రోడ్డుకు అవతల పెద్ద కంపెనీ స్టోర్ తెరిచిన రోజు కూడా ఆమె భయపడలేదు. సంచి పట్టుకుని తనే వెళ్లి చూసొచ్చింది. "మస్తుగున్నది బిడ్డా. గని ఒక్కలన్న తిన్నవా అని అడగలే" అంది.

ఒక సంగతి మామయ్యకు కూడా తెలియదు.

రోజూ పొద్దున షట్టర్ తీయగానే అత్తమ్మ ముందు వట్టి కాళ్లతో లోపలికి వెళ్లేది. దీపం పెట్టి, అమ్మవారి ముందు లెంపలేసుకునేది. బయటికొచ్చి చెప్పులు వేసుకుని, అప్పుడు డ్యూటీకి వచ్చేది. నేను చూశానని తెలిసి "మీ మామకు చెప్పకే" అని నవ్వింది.

చెప్పలేదు అత్తమ్మా. ఇప్పుడు చెప్పేశా, తిట్టుకో.

నిన్న ఆమెను దుకాణంలోనే పడుకోబెట్టారు. అపశకునం అని ఎవరో అంటే, "ఆమె దుకాణం. ఆడనే ఉంటది" అని మామయ్య కసిరాడు.

మధ్యాహ్నం షిఫ్ట్ బస్సు ఆగింది. యూనిఫామ్‌లతోనే దిగి వచ్చారు. లోపల ఆమెను చూసి, ఒక్కొక్కరూ మెట్ల మీద కూర్చుని లేసులు విప్పడం మొదలుపెట్టారు.

మూల నుంచి మామయ్య లేచాడు. ఇన్నేళ్లలో ఆ దుకాణంలో ఒక్కసారి కూడా చెప్పులు వేసుకోని మామయ్య. గడప దాకా వచ్చి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"ఇప్పకుండ్రి అయ్యా. జూతే నక్కో నికాలో. గట్లనే రాండ్రి. ఆమె తిడ్తది."

అందరూ షూస్‌తోనే లోపలికి వచ్చారు.

పోయిరా అత్తమ్మా. పొద్దంతా నిలబడే ఉన్నావు, ఇక కాళ్లు చాపుకుని నిమ్మళంగా కూర్చో.