కౌంటరు మీద తడి చొక్కా

పోయిన వారం పర్చూరు నుంచి ఫోను వచ్చింది. మా ఆడపడుచు పొద్దున్నే మంచం మీదే పోయిందట. సరేనన్నాను. పొయ్యి మీద కూర దించి మా ఆయనకు అన్నం పెట్టాను. ఆయన చెయ్యి కడుక్కున్నాక చెప్పాను, మీ అక్క పోయిందని. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

వదినకు ప్రతిదీ అడగడం అలవాటు. "బోర్డు చూసి ఎక్కకే, కండక్టర్ని అడిగి ఎక్కు" అనేది. బోర్డు చదవడం నాకెలాగూ సరిగా రాదనుకోండి. కదిలే బస్సునైనా ఆపి అడిగేది. నాకు సిగ్గేసేది.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. ఆవిడ మా ఇంట్లో ఉండగా, మా ఆయన పత్తికి మందు కొడుతూ చేలో పడిపోయారు. వీపున ఉన్న పంపు కారి చొక్కా అంతా తడిసింది. నోట నురగ. పట్నం పోతున్నాం, నలుగురిలో బాగుండదని నేను ఒళ్ళు తుడిచి ఉతికిన చొక్కా తొడిగాను. తడి చొక్కాను వదిన కవర్లో చుట్టి వెంట తెచ్చింది. ఎందుకని నేను అడగలేదు.

గుంటూరులో మొదటి ఆస్పత్రి ముందు జీపు ఆగగానే ఆయన్ని దించబోయాను. వదిన నన్ను ఆపి లోపలికెళ్ళింది. ఇలాంటి కేసులు చూసే డాక్టరు సాయంత్రానికి గాని రాడట. వచ్చి మళ్ళీ జీపెక్కింది.

"మనిషి పోతుంటే ఈ వాకబులేంటి వదినా?" అన్నాను.

"దించాక డాక్టరు లేడంటే ఏం చేస్తావే? నోరు మూసుకుని వాడి తల పట్టుకో."

రెండో చోట డాక్టరు ఉన్నారు. మా ఆయన్ని వెంటనే లోపలికి తీసుకెళ్ళారు. మా ఇన్సూరెన్సు కార్డు చెల్లుతుందన్నారు గాని, చావాలని పురుగుమందు తాగినవాళ్ళకు మాత్రం చెల్లదంది కౌంటర్లో అమ్మాయి. ఆ ఏళ్ళలో పత్తి చేలనుంచి వచ్చినవాళ్ళంతా తాగినవాళ్ళే అనుకునేవారు. కార్డు చెల్లకపోతే ఆయన్ని అక్కడ ఉంచే తాహతు మాకు లేదు.

వదిన ఆ చొక్కా తీసి కౌంటరు మీద పరిచింది. చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కులు మూసుకున్నారు.

"వీపు చూడమ్మా. తాగినోడికి వీపు తడుస్తుందా? డాక్టరు గారిని పిలువు. ఆయన చూసి ఏం చెబితే అదే రాసుకో."

డాక్టరు గారు చూశారు. తాగలేదు, ఒంటికి పట్టిందని రాశారు. కార్డు తీసుకున్నారు. అప్పుడు వదిన నా వైపు తిరిగి, "ఇంక ఏడవాలనుంటే ఏడువు" అంది.

ఆవిడ మాత్రం ఏ ఆస్పత్రీ చూడకుండా వెళ్ళిపోయింది. పర్చూరులో దహనమూ అన్నీ అయ్యాక తిరిగొస్తుంటే, బస్సులో ఆయన కిటికీ పక్కన కునుకు తీశారు. నేను ఆయన గుండెల వంకే చూస్తూ కూర్చున్నాను. లేస్తున్నాయి, పడుతున్నాయి. బయట కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, రోడ్డు పొడుగునా ఎర్రగా.