ఏలగిరిలో మా అమ్మ గడిపిన మూడు రోజులు

నేను పుంగనూరు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు టీచర్ని. నాలుక మీద కర్పూరం వెలిగించుకుని, ఇందులో మహిమ ఏమీ లేదని పిల్లలకు చూపించే రకం. దయ్యం పట్టిందన్న ఒక పిల్లను నేనే స్కూటీ మీద మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయి పరీక్షలు చేయించాను. రక్తం తక్కువ, అంతే. అందువల్ల ఇది చదివి మీరు నవ్వుకున్నా నేనేమీ అనుకోను. వేరేవాళ్లు చెప్పి ఉంటే నేనూ నవ్వేదాన్నే.

మా అమ్మ పేరు వెంకటమ్మ. వాల్మీకిపురం పక్క టమాటా తోటల్లో కూలికి పోయి నన్ను చదివించింది. నాకు ఆరేళ్లప్పుడే నాన్న పోయాడు. అరవై నాలుగేళ్లలో అమ్మ చూసిన దూరపు ఊళ్లు రెండే. ఒకటి తిరుపతి, రెండోది కంటి ఆపరేషన్‌కి పోయిన బెంగళూరు. లాడ్జిలో కూడా ఎప్పుడూ పడుకుని ఎరగదు. తర్వాత జరిగినదానికి ఈ సంగతే ముఖ్యం గనక ముందుగా చెప్తున్నాను.

అమ్మను ఒక్కసారైనా కొండమీద చల్లటి చోటికి తీసుకుపోవాలని నాకు ఎన్నాళ్లనుంచో ఉండేది. మా ఆయన నాగరాజు మోటార్లు రిపేరు చేస్తాడు. మా ఇద్దరి సంపాదనకు రిసార్టు ధరలు అందేవి కావు. అప్పుడు మా స్కూల్లో లెక్కల సారు ఒక దారి చెప్పాడు. కొందరు రిసార్టు కంపెనీలకు ఒకేసారి పెద్ద మొత్తం కట్టి పాతికేళ్లకు సభ్యులవుతారు. ఏటా వాళ్లకు కొన్ని పాయింట్లు వస్తాయి. వాటితోనే గది తీసుకోవాలి. గడువులోగా వాడకపోతే పాయింట్లు పోతాయి, ఏటా కట్టాల్సిన నిర్వహణ ఖర్చు మాత్రం తప్పదు. అందుకని తాము పోలేనివాళ్లు ఆ పాయింట్లను బయటివాళ్లకు బాడుగకిచ్చి, అతిథులుగా మన పేరుతో గది బుక్ చేస్తారు. మామూలుగా అయ్యేదాంట్లో సగం కూడా పడదు. కాటేజీలో వంటగది ఉంటుంది గనక తిండి ఖర్చు కూడా మిగులుతుంది.

ఆ సారు ద్వారానే కుప్పంలో ఉండే దొరస్వామి గారు ఫోన్‌లో పరిచయమయ్యాడు. బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి.

"మా ఆమెకు బాగలేదు మ్మా. ఈ ఏడు గూడా పోలేం. పాయింట్లు యాల పోగొట్టుకోవల్ల? మీరు పోయిరాండి" అన్నాడు.

ఏలగిరి కుప్పానికి దగ్గరే, తమిళనాడు పక్క కొండ. వేసవి సెలవుల్లో మదనపల్లెలోని మా ఇంటినుంచి పాత కారులో బయల్దేరాం. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ల మా పాప హర్షిత, అమ్మ. కుప్పంలో దొరస్వామి గారి ఇంటి ముందు ఆగి రిసార్టులో చూపించాల్సిన లెటరు తీసుకున్నాం. ఆయన గేటు దగ్గరికే వచ్చి ఇచ్చాడు.

"మేం ఎప్పుడూ దిగే కాటేజీనే అడిగి పెట్టినా. చెరువు కనపడ్తాది. మా కమలకు ఆడ కూర్చునేదంటే ప్రాణం" అన్నాడు.

అమ్మ కారు దిగలేదు. పాప తల ఒళ్లో పెట్టుకుని నిద్రపుచ్చుతూ ఉంది. ఆయన భార్యను మాలో ఎవరమూ చూడలేదు.

ఏలగిరి చేరేసరికి మధ్యాహ్నం. అక్కడి చెరువు పేరు కూడా పుంగనూరేనని తెలిసి పాప ఒకటే నవ్వింది. కాటేజీలోకి పోగానే మా ఆయన స్నానాల గది తలుపు తీయబోతే రాలేదు. భుజం పెట్టి నెట్టినా కదల్లేదు. వెనక నుంచి అమ్మ, "పైకెత్తి తొయ్యి నాగరాజా" అంది. ఎత్తి తోస్తే వచ్చేసింది.

పాత తలుపులు అంతేలే అనుకున్నాను. తర్వాత అమ్మ వంటగదిలోకి పోయి, వెతక్కుండా అన్నిటికంటే కింది సొరుగు లాగి టీ వడగట్టే జల్లెడ తీసింది. కొళాయి ఎటు తిప్పితే వేడినీళ్లొస్తాయో నాకు చెప్పింది. ఆ కొళాయికి ఉండాల్సిన ఎర్ర గుర్తు చెరిగిపోయి ఉంది. అప్పటికీ నాకేమీ అనుమానం రాలేదు.

మర్నాడు పొద్దున చెట్ల మధ్య నడుస్తూ అమ్మ ఒకచోట నిలబడిపోయింది.

"ఈడ ఊయల ఉండల్లనే. ఎర్ర రంగుది. యాడికి పోయినాది?"

పక్కన మొక్కలకు నీళ్లు పెడుతున్న తోటమాలి మన పక్కవాడే, తెలుగు విని వెనక్కి తిరిగాడు. "ఊయలా? తీసేసి నాలుగేండ్లాయె. అమ్మ ముందే వచ్చినారా?"

లేదని నేను చెప్పాను. అమ్మ ఆ ఖాళీ చోటునే చూస్తోంది. మా ఆయన మాత్రం, "నీ ఫోన్లో ఫొటోలు చూసుంటుందిలే" అన్నాడు. గదికొచ్చి రిసార్టు ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా చూశాను. ఊయల ఎక్కడా లేదు.

ఆ మధ్యాహ్నం పాప, మా ఆయన ఈత కొలను దగ్గరికి పోయారు. అమ్మ వరండాలో పేము కుర్చీలో చెరువు వైపు తిరిగి కూర్చుంది. నేను టీ తీసుకుపోతే, ఆమె బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవాలని కూడా తెలియనట్టు ఉంది.

"ఏమైంది మా?"

"ఈ కుర్చీలో నేను శానాసార్లు ఏడ్సినట్టుండాది మ్మా. ఆయన ఫొటోలు తీసుకుంటా అట్ల చెరువు పక్కకు పోతాడు. అప్పుడు ఏడ్సేది. ఆయన వచ్చేలోపల మొగం కడుక్కునేది."

"ఆయనెవరు మా?"

"తెలీదు. ఎత్తుగా ఉంటాడు."

దొరస్వామి గారు ఎత్తుగానే ఉంటాడు. కానీ అమ్మ కారు అద్దంలోంచి ఆయన్ను చూసి ఉండొచ్చు గనక దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. ఆ తర్వాత చెప్పింది వేరు.

"అక్కకు సీరియస్సుగా ఉండాదని ఫోనొచ్చినాది. ఆయన ఈ మెట్ల మీద నిలబడి మాట్లాడినాడు. నేను తలుపెనకాల ఉండాను. ఎల్లుండి దాకా గది ఉండాది, ఇప్పుడు ఖాళీ చేస్తే పాయింట్లు దండగ, ఎల్లుండి నేరుగా వస్తాం, ఈమెకేం చెప్పొద్దండి, అన్నాడు. నాకు చెప్పనే లేదు. పెద్దతిప్పసముద్రం పోయేటప్పటికి అక్క శవాన్ని ఎత్తేసినారు."

మా అమ్మకు అక్క లేదు. ఇద్దరు తమ్ముళ్లకు ఒక్కతే అక్క ఆమె. పెద్దతిప్పసముద్రంలో మాకు చుట్టాలూ లేరు.

నాకు పక్షవాతం భయం పట్టుకుంది. చేతులు రెండూ ఎత్తమన్నాను, నవ్వమన్నాను. నా పేరు, పాప చదివే తరగతి, వచ్చేముందు మార్కెట్లో టమాటా బాక్సు ధర అడిగాను. అన్నీ సరిగ్గా చెప్పింది. నాకంటే ఆమే ఎక్కువ భయపడుతోంది.

"నా తలకాయలో వేరే ఎవురిదో ఉండాది మ్మా. ఇంటికి పోదాం పద."

అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. "రేపు పొద్దున దాకా గదుంది కదమ్మా. ఇప్పుడే పోతే కట్టిందంతా దండగైపోతాది" అన్నాను.

అనేశాక ఆ మాట నాకే వినిపించింది. అమ్మ నా మొహంలోకి చూసింది. కోపం కాదు. ఆ మాట ముందెప్పుడో విన్న మనిషి చూపు. తర్వాత కుర్చీలో సర్దుకుని మళ్లీ చెరువు వైపు తిరిగింది. అయినా మేం ఆ రోజు బయల్దేరలేదు. పాప ఇంకా నీళ్లలో ఉందనీ, అమ్మ కాసేపట్లో సర్దుకుంటుందనీ నాకు నేను చెప్పుకున్నాను.

మూడో రోజు తిరిగి వస్తుంటే కుప్పంలో అమ్మే అంది, "ఆ ఇంటికాడ ఆపు నాగరాజా" అని.

దొరస్వామి గారు సంతోషంగా లోపలికి పిలిచాడు. హాలు పక్క గదిలో, కిటికీ దగ్గర మంచం మీద ఆయన భార్య కూర్చుని ఉంది. తెల్లటి, చిన్న మనిషి. మనుషుల్ని మరిచిపోయి నాలుగేళ్లయిందనీ, రెండేళ్లుగా ఒక్క మాట కూడా లేదనీ చెప్పాడు. "కాటేజీ బాగుండిందా?" అని అడిగాడు.

నేను ఆపుకోలేకపోయాను. "అమ్మగారికి పెద్దతిప్పసముద్రంలో ఒక అక్క ఉండేదాండీ?"

ఆయన చేతిలోని నీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "మీకెవురు చెప్పినారు?"

అమ్మ చెప్పిన ఫోను సంగతి చెప్పాను. తలుపు వెనక నిలబడి విన్నదని మాత్రం చెప్పలేదు. ఎందుకో నోరు రాలేదు. ఆయన సోఫాలో కూలబడ్డాడు.

"ఆ ఫోను చేసిన మా షడ్డకుడు, కమల వాళ్లక్క మొగుడు, ఆయప్ప గూడా పోయినాడు. నేను ఇంగెవురికీ చెప్పలేదు." అమ్మవైపు తిరిగాడు. అంత పెద్దమనిషి రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, నువ్వెట్ల తెలుసుకున్నావో నేనడగను. ఒక్కటి చెప్పు. ఫోనొచ్చినట్టు కమలకు తెలుసా? ఒక్కనాడు గూడా నన్నడగలేదు. ఏటా పోదామంటే వచ్చేది. తెలిసే వచ్చేదా?"

అమ్మ ఒకసారి పక్క గది వైపు చూసి ఆయన వైపు తిరిగింది.

"తెలీదప్పా" అంది. "ఆయమ్మకు నీ మింద ఏమీ లేదు. మనసులో పెట్టుకోవద్దు."

అది అబద్ధమని ఆ ఇంట్లో అమ్మకు కాక నా ఒక్కదానికే తెలుసు అనుకున్నాను.

పక్క గదిలోంచి, "తెలుసు" అని వినపడింది.

ఒకటే మాట. గొంతు బొంగురుగా ఉంది గానీ మాట స్పష్టంగా ఉంది. నేను విన్నాను, మా ఆయన విన్నాడు. పాప, "ఎవరు మా మాట్లాడింది?" అని అడిగింది. దొరస్వామి గారు లేచి ఆ గదిలోకి పోయాడు. ఆమె ఇందాకటిలాగే కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆయన మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. మాకు ఏం చేయాలో తోచలేదు. చెప్పకుండానే బయటికి వచ్చేశాం.

పలమనేరు వస్తుండగా అమ్మ నిద్రపోయింది. పుంగనూరు బస్టాండు దగ్గర హారన్ల మోతకు లేచి కళ్లు నులుముకుంటూ బయటికి చూసింది.

"ఇంకా పుంగనూరేనా? పొద్దున్నే బయల్దేరితిమి గదా. ఏలగిరి ఇంకా ఎంత దూరం మ్మా?"

మొదట తమాషా చేస్తోందనుకున్నాను. కాదు. మూడు రోజుల కిందట మదనపల్లెలో కారెక్కడం వరకే ఆమెకు గుర్తుంది. కాటేజీ లేదు, చెరువు లేదు, పేము కుర్చీ లేదు. దొరస్వామి గారెవరో తెలియదు.

ఆ వారమే నరాల డాక్టరుకి చూపించాం. స్కానింగులో ఏమీ లేదు. పెద్ద వయసులో ఒక్కోసారి కొన్ని గంటల జ్ఞాపకం అట్లా పూర్తిగా పోతుందనీ, భయపడాల్సిన పని లేదనీ డాక్టరు చెప్పాడు. నేను తర్వాత చదివి చూశాను, అలాంటిది నిజంగానే ఉంది. కాకపోతే అది గంటల లెక్కే గానీ మూడు రోజులు కాదు, పైగా మరిచిపోవడం గురించి. నాకు తెలియాల్సింది గుర్తు రావడం గురించి. దాన్ని డాక్టర్ని అడగడానికి నాకు మాటలు దొరకలేదు.

రెండు నెలల తర్వాత దొరస్వామి గారు ఫోన్ చేశాడు. కమలమ్మ మళ్లీ మాట్లాడలేదట. "పాయింట్లు ఇంకా ఉండాయి మ్మా. ఊరికే ఇస్తాను. ఆయమ్మను ఇంకొక్కసారి ఆ కాటేజీకి పిల్చుకోని పోండి. నేను అడగాల్సినవి ఉండాయి" అన్నాడు. ఆ గొంతు వింటే జాలేసింది. కుదరదని చెప్పాను. మళ్లీ రెండుసార్లు చేశాడు. నేను ఎత్తలేదు.

జరిగిందంతా నా డైరీలో తేదీలు వేసి రాసి పెట్టుకున్నాను. మా ఆయన చేత కూడా విడిగా రాయించాను. రెండూ పోల్చి చూశాను, ఎక్కడా తేడా లేదు. తలుపు, జల్లెడ, ఊయల ఏదోరకంగా సర్దుకోవచ్చు. ఆ ఫోను మాత్రం నాకు ఎటునుంచి చూసినా సర్దుకోవడం లేదు. తెలియదని ఒప్పుకోవడమూ సైన్సేనని పిల్లలకు చెప్తుంటాను. చెప్పడం తేలిక.

అమ్మ ఇప్పుడు బాగానే ఉంది. మొన్న ఆదివారం పాప ఏలగిరి ఫొటోలు చూసుకుంటుంటే పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చూసింది. వరండాలో తాను కూర్చున్న ఫొటో దగ్గర కూడా ఆగలేదు. అన్నీ అయిపోయాక నావైపు తిరిగి, కొంచెం మొహమాటంగా అడిగింది.

"సల్లగా ఉన్నట్టుండాది గదమ్మా ఆ ఊరు. నన్ను గూడా ఒకసారి పిల్చుకోని పోకూడదా?"