మంత్రసాని తడి చెయ్యి

“ఇగ పండనియ్యనా అవ్వా?”

“పండనియ్యి బిడ్డా. ఇప్పుడు నిద్రల గూడ ఊపిరి తీస్తడు.”

ఎల్లారెడ్డిలో నాకు పురుడు పోసిన మంత్రసానితో నా ఆఖరి మాటలివి. నిజాంసాగర్ కట్ట కొత్తగా కట్టిన రోజులు. తర్వాత ఆమె కామారెడ్డి వెళ్లిపోయింది.

నా నొప్పులు చూడలేక అత్త నల్లమందు మింగించింది. పుట్టిన బిడ్డ ఏడవలేదు.

“బంగారు కొండ, సప్పుడే లేదు!” అని అత్త మురిసింది.

“నీ బంగారం పాడుగాను! మందు వానికి గూడ ఎక్కింది. పండుకుంటె ఊపిరి మరుస్తడు,” అంది మంత్రసాని.

చెయ్యి తడిపి బిడ్డ ముక్కు దగ్గర పెట్టేది. ఊపిరి చల్లగా తగలకపోతే అరికాలు గిల్లేది.

“పసిగుడ్డును సంపుతవా, రాక్షసీ?” అని అత్త తిట్టినా, పొద్దుగూకేదాకా ఏడిపిస్తూనే ఉంది.

ఆ బిడ్డవు నువ్వే, కొడుకా. నేను చెప్పంగ నువ్వు రాసింది ఒకసారి గట్టిగ చదువు, వింట.