అప్పలరాజు బాబాయి వాటా

నేను బరువులు మోసే రకం కాదు. ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు తూకం దాటితే ఆవకాయ అక్కడే వదిలేసి విమానం ఎక్కినవాణ్ణి. అలాంటిది ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

చదువయ్యాక ఆఫీసు ఉద్యోగం దొరక్క కెనడాలోని నోవా స్కోషియాలో లాబ్‌స్టర్లు పట్టే పడవ ఎక్కాను. అక్కడ జీతం ఉండదు. పట్టినదాంట్లో డీజిలు, ఎర ఖర్చు పోగా పడవకొక వాటా, కెప్టెన్‌కొకటి, మిగిలింది మా ముగ్గురికీ. పనిలో దెబ్బ తగిలితే సీజన్ చివరిదాకా వాటా ఇస్తారు. సొంత జబ్బయితే ఇవ్వరు. మిగతా ఇద్దరికీ పంచేస్తారు.

మా ముగ్గురిలో అప్పలరాజు బాబాయిది శ్రీకాకుళం తీరం. ఇంగ్లీషు రాదు. ఆయన మాట కెప్టెన్‌కి చేరాలంటే నేనే దారి.

ఆ రోజు లాబ్‌స్టర్లు పట్టే బోను సముద్రంలోకి జారుతుంటే, దాని తాడు చుట్టలో కాలు పెట్టి నిలబడ్డాను. ఏదో జోకు చెబుతున్నాను.

"తాడు సూడ్రా ఎదవా!"

ఒక చేత్తో నన్ను లాగి, రెండో చేత్తో తాడు పట్టేశాడు. నా కాలు బయటపడింది. ఆయన భుజం జారిపోయింది. మూడోవాడు వెనక ఎర కోస్తున్నాడు, చూడలేదు.

కెప్టెన్ వచ్చి ఏమైందని నన్నే అడిగాడు. తాడులో కాలు పెట్టినవాణ్ణి ఆ సాయంత్రమే దించేస్తాడు. నా పీఆర్, అంటే అక్కడ స్థిరపడే అనుమతి, ఆ ఉద్యోగాన్నే పట్టుకుని వేలాడుతోంది. బాబాయిది పాత నొప్పి, ముసలి ఇంజిను కదా అన్నాను. నవ్వాడు. నవ్వించడం నాకు బాగా వచ్చు.

"ఏటంతన్నాడ్రా?" బాబాయి పళ్లు బిగబట్టి అడిగాడు.

"రెస్ట్ తీసుకోమంటున్నాడు బాబాయ్."

"మరి నా వాటా?"

"అదెక్కడికి పోతుంది?"

ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. సగం నా ఖాతాలోకే వచ్చింది.

భయపడ్డానంటారా? భయం ఆ ఒక్క సాయంత్రానికి సరిపోతుంది. మరి సీజన్ అయ్యేదాకా, రోజూ అదే కెప్టెన్ పక్కన కాఫీ తాగుతూ, ఒక్క వాక్యం చెబితే బాబాయి డబ్బు బాబాయికి వచ్చేస్తుందని తెలిసీ, ఎందుకు నోరు మెదపలేదు? మనవాడే కదా, ఏమీ అనుకోడులే అనుకున్నానా? ఆయన ఏమీ అనుకోలేదు కూడా. వాటా రాకపోయేసరికి కెప్టెనే మోసగాడని తిట్టుకున్నాడు. నేను అవునన్నాను.

సీజన్ అయ్యి వెళ్లిపోయేటప్పుడు బాబాయి బస్సు మెట్టు మీద, లేవని చెయ్యి వదిలేసి రెండోది నా తలమీద పెట్టాడు. "నువ్వు నేకపోతే నన్నింకా ముంచేసీవోళ్రా."

తాడులో ఉన్నది నా కాలు. భుజం జారింది నా కోసం. చెప్పనిది నేను.

రాశాక కాస్త ఊపిరాడుతోంది. అదీ ఆయన వాటాలోంచే తీసుకున్నట్టుంది.