ఒంటి తీగ జవాబు

ఆ వీధిలో రేడియోలు, టీవీలు బాగుచేసే ఆయన్ని అందరూ డాక్టరనే పిలిచేవారు. ఆయన చేతిలో పడితే ఎంతటి మొండి వస్తువైనా చచ్చినట్టు పనిచేస్తుందని పేరు. అలాంటి డాక్టరు బల్ల మీద నాలుగు నెలలుగా అగ్గిపెట్టెంత మ్యూజిక్ ప్లేయరొకటి ఉలుకూ పలుకూ లేకుండా పడివుంది. అది ఆయన భార్యది.

ఆవిడ పక్క కొట్లో బట్టలు కుట్టేది. కొలతలు తీసేటప్పుడు రెండు చేతులూ టేపుకే సరిపోయేవి. అందుకని ప్లేయరును మెడలో వేసుకుని, రికార్డు మీట నొక్కి, "భుజం పదిహేను, నడుము ముప్ఫై" అని దానికి చెప్పుకునేది. తర్వాత అది వింటూ గుడ్డ కత్తిరించేది. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఇంట్లో ఫొటోలు బోలెడున్నాయి. గొంతు ఒక్కచోటే ఉంది. ఆ గొంతు తన చెవుల్లో మసకబారుతోందని ఒకనాడు స్నానం చేస్తూ గ్రహించి డాక్టరు హడలిపోయాడు.

ప్లేయరు తెర వెలగదు. తగిలిస్తే కంప్యూటరు దాన్ని గుర్తుపట్టదు. మెమరీ విడిగా ఉంటే ఊడదీసి చదివేవాడే, కానీ అది చిప్పు కడుపులోనే ఉంది. చేసిన కంపెనీ ఏనాడో మూతపడింది. చిప్పు గురించి ఒక్క కాగితం ముక్క దొరకలేదు. బ్యాటరీ కింద మాత్రం పేర్లు లేని ఐదు రాగి చుక్కలున్నాయి. కంపెనీవాళ్ళు తమ పరీక్షల కోసం పెట్టుకున్న పెరటి గుమ్మం అదేనని ఆయన అనుభవం చెప్పింది. ఇక తలుపు ఎలా తట్టాలో తెలియాలి.

మీటరు పెట్టి మూడు చుక్కల గుట్టు మొదటి వారంలోనే తేల్చాడు. ఒకటి కరెంటు, ఒకటి ఎర్తు, ఒకటి చిప్పును మళ్ళీ మొదటికి తెచ్చేది. మిగిలిన రెంటిలో ఒకదాని మీద లయ తప్పకుండా తాళం కొడుతూ రెండోదాని మీద ప్రశ్న పంపాలి. ప్రశ్నంటే ఎనిమిది అంకెలు, అన్నీ ఒకట్లూ సున్నాలూ. తను తయారుచేసుకున్న చిన్న పెట్టెతో వరసలు మార్చి మార్చి పంపాడు. కరెంటు ఎగుడుదిగుళ్ళను గీతగా చూపే స్కోపు తెర మీద ప్రతి ప్రశ్న వెనకా గీత తిన్నగా సాగిపోయేది. ఒక్క ప్రశ్న వెనక మాత్రం అక్కడక్కడ కొద్దిగా కుంగేది. టంకం సరిగా పట్టలేదనుకుని ప్రశ్న పంపే తీగను మూడుసార్లు ఊడదీసి అతికించాడు. కుంగుడు పోలేదు.

ఒక మధ్యాహ్నం మరదలు క్యారేజీ తెచ్చింది. అక్క పోయాక కొట్టు తనే నడుపుతోంది.

"ఏమంటోంది బావా, మా అక్క సవతి?"

"ఏమంటుంది! అడిగిందే అడుగుతున్నా. సన్నగా ఏదో గొణుగుతుంది. టంకం తప్పే అయ్యుంటుంది. లేకపోతే తీగ పొడవెక్కువేమో. అంతేనంటావా? అంతేలే."

"నన్నడిగావా, నీకు నువ్వే చెప్పుకున్నావా?" మరదలు గిన్నెలు విప్పుతూ నవ్వింది. "అక్క ఊరికే అనేదా? మీ బావ ప్రశ్న వేసి, నేను నోరు తెరిచేలోపు జవాబు కూడా ఆయనే చెప్పేస్తారే, నాకు మిగిలేది తలూపడమే అని."

డాక్టరు చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

ప్రశ్న పంపాక ఆయన పెట్టె తీగను వదలడం లేదు. బిగబట్టి అలాగే ఉంచుతోంది. చిప్పుకేమో జవాబివ్వడానికి ఇంకో తీగ లేదు. పాపం, అదే తీగను అవతలి నుంచి లాగుతోంది. ఆ కుంగుడే జవాబు! నాలుగు నెలలుగా ఆయన దాని నోరు నొక్కేస్తున్నాడు.

చెయ్యి కడుక్కుని వచ్చి, ప్రశ్న ముగియగానే తీగను వదిలేసి, తాళం మాత్రం కొడుతూ ఉండేలా పెట్టెను మార్చాడు. గీత ఒక్కసారిగా అడుగుకు దిగింది, లేచింది, మళ్ళీ దిగింది. దాని భాష పట్టుబడడానికి ఇంకో పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు మెమరీ మొత్తం కంప్యూటరులోకి దిగింది.

మరదలిని పిలిచి చివరి రికార్డు పెట్టాడు.

"భుజం పదిహేడున్నర. కదలకండి. చెయ్యి..."

"ఇంకెంతసేపే? చాలదా? చాల్లే." రికార్డులోనే డాక్టరు గొంతు.

"అబ్బ, కాసేపు నోరు మెదపకుండా నిలబడితే మీ సొమ్మేం పోతుంది? చెయ్యి ఇరవై నాలుగు. ఛాతీ నలభై."

తర్వాత టేపు జరిగిన చప్పుడు, ఆవిడ ఊపిరి. అంతే.

"నీ చొక్కాకని అక్క తీసిపెట్టిన నీలం గుడ్డ ఇంకా కొట్లోనే ఉంది," అంది మరదలు, కళ్ళు తుడుచుకుని. "కుట్టేస్తాను. కానీ నువ్వు సగమైపోయావు బావా. ఈ కొలతలు వదులవుతాయి. మళ్ళీ తీసుకోనీ."

డాక్టరు రికార్డు మొదటికి తిప్పాడు.

"వదులైనా పర్లేదమ్మా. ఇవే రాసుకో."