ట్రైలర్ పక్కన గుడ్డగోడలు

నాకు నోరు ఎక్కువని మా మగ్గాల వీధిలో పేరు. నీళ్ల ట్యాంకరు ఆలస్యమైతే డ్రైవరుతో కొట్లాడేది నేనే, రేషన్ దుకాణంలో తూకం తగ్గితే కాంటా ముందు నిలబడేది నేనే. అలాంటిదాన్ని నార్కట్‌పల్లి చౌరస్తాలో ఒక టార్పాలిన్ దుకాణం ముందు నిలబడి, "వదినె, నువ్వు రాకు" అనే మాట నోట్లోంచి బయటికి తీయలేకపోయాను. లెక్కపెడితే మూడంటే మూడు ముక్కలు. 

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. చేతులు ఊరుకోని మనిషి. కరోనా సద్దుమణిగిన ఏడాది ఫోన్లో ఏవో వీడియోలు చూసి, కారు వెనక తగిలించుకుపోయే చిన్న ట్రైలర్ చేస్తానన్నాడు. ఎక్కడ ఆగితే అక్కడే ఇల్లట. లోపల ఇద్దరు పడుకునే మంచం, వెనక తలుపు ఎత్తితే గ్యాస్ పొయ్యి, నీళ్ల డబ్బా. "కారు ఎనక కోళ్ల గూడు గుంజుకపోయినట్టు ఉంటది" అని నవ్వాను. ఆయన అయిదు నెలలు వెల్డింగ్ షాపు చుట్టూ తిరిగి నిజంగానే చేసుకొచ్చాడు.

వాకిట్లో నిలబెట్టిన రోజు లోపలికెక్కి పడుకుని చూశాను. కాళ్లు చాపితే రేకు తగిలింది. పక్కకు తిరిగితే ఆయన మోచేయి తగిలింది. మూడో మనిషికి జాగా లేదు. ఆ సంగతి తెలిసిన క్షణంలోనే నాకు ఆ ట్రైలర్ మీద ప్రేమ పుట్టింది. చెప్పుకుంటే సిగ్గు, కానీ నిజం అదే.

మూడో మనిషి అంటే మా వదినె. మా ఆయనకు సొంత అక్క. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికే ముందుగదిలో, మగ్గం గుంట పక్కన, ఆమె చాప ఉంది. ముందుగదిలో మగ్గం, వెనక గదిలో మేము. మధ్యలో తలుపు లేదు, పాత చీర పర్ద. నేను దగ్గితే పర్ద అవతల నుంచి "నీళ్లు తాగు పిల్లా" అని వినపడేది. మేమిద్దరం గుసగుసగా అనుకున్న మాటకు తెల్లారి జవాబు ఆమె దగ్గరి నుంచి వచ్చేది. అట్లాగని ఏమన్నా అనడానికి లేదు. నా ఇద్దరు ఆడపిల్లలను నాకంటే ఎక్కువ ఎత్తుకుని పెంచింది ఆమె. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పదకొండు రోజులు దవాఖానలో నేల మీద కూర్చుంది ఆమె. చెడ్డ మనిషైనా బాగుండేది, కడుపునిండా కొట్లాడేదాన్ని. మంచి మనిషితో ఎట్లా కొట్లాడాలో నాకు తెలియదు.

నేను కోరుకున్నది పెద్ద కోరికేం కాదు. ఆత్మకూరు అవతల కృష్ణ ఒడ్డున రెండు రోజులు. నేనూ, మా ఆయనా, ఇంకెవరూ వద్దు. ముప్పై రెండేళ్ల కాపురంలో మేమిద్దరమే కలిసి ఎక్కడికీ పోలేదంటే నమ్ముతారా? పెళ్లిళ్లకు పోయినా, మొక్కులు తీర్చడానికి పోయినా వదినె ఉండేది, పిల్లలు ఉండేవారు, ఎవరో ఒకరు ఉండేవారు. ఎవరూ వినకపోతే మా ఆయన నాతో ఏం మాట్లాడతాడో నాకు వినాలని ఉండింది. పిల్లలు పెళ్లిళ్లయి పట్నంలో స్థిరపడ్డారు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?

అయితే ట్రైలర్ రేకుది. మధ్యాహ్నం ఎండకు లోపల పెనం మీద కూర్చున్నట్టే. బయట కూర్చోవడానికి నీడ కావాలి. అందుకే ఆ రోజు నార్కట్‌పల్లి పోయాం, లారీలకు టార్పాలిన్లు కుట్టే ఒక పెద్దాయన దగ్గరికి. ట్రైలర్‌ను వెంట లాక్కుపోయాం, కొలతల కోసం. వదినె కూడా వచ్చింది. "బట్ట సంగతి మీకేం ఎరుక" అంటూ పొద్దున్నే కారెక్కి కూర్చుంది.

ఆ పెద్దాయన టేపుతో ట్రైలర్‌ను పొడుగూ అడ్డం కొలిచాడు. "రెండు తీర్లు చేయొచ్చమ్మా" అన్నాడు నాతో. "ఒకటి, ఉత్త నీడ. ట్రైలర్ మీదికెల్లి పర్ద గుంజి రెండు గుంజల మీద నిలబెడ్త. ఇంకోటి, గా నీడకు మూడు దిక్కుల కనాతులు కట్టుడు. షామియానా చుట్టూ బట్టగోడలు కడ్తరు చూడు, గట్ల. ట్రైలర్ తలుపు ముంగట ఒక కమ్రా లెక్క అయితది. ఇంకో మనిషి మంచిగ పండుకోవచ్చు."

ఆ చివరి మాట అనకపోతే ఆయన సొమ్మేం పోయేది?

"ఉత్త నీడ సాలు భాయ్" అన్నాను, గబుక్కున.

"కనాతులు కట్టు భాయ్" అంది వదినె. "వీళ్లు లోపల పండుకుంటరు. నేను బయట పండుకుంట. నాకేంది, చాప ఉంటే సాలు."

రావచ్చా అని అడగలేదు. తను రాకుండా మేం పోవడం అనే మాట ఆమె తలలో లేనే లేదు. ఒళ్లు మండిపోయింది నాకు. కానీ మండినప్పుడల్లా పనికొచ్చే నోరు ఆ రోజు పనిచేయలేదు. ఉన్న మాట చెప్పలేక లేని సాకులు వెతికాను. నది ఒడ్డున గాలి ఎక్కువ, గోడలుంటే గాలికి లేచిపోతుంది అన్నాను. "నాలుగు మేకులు ఎక్కువ కొడ్త" అన్నాడు పెద్దాయన. బరువెక్కువ, కారు గుంజదు అన్నాను. "నా ఒళ్లె పెట్టుకుంట" అంది వదినె. ఉడకపోస్తుంది అన్నాను. అదే నేను చేసిన తప్పు.

ఆమె దుకాణంలో వేలాడుతున్న నీలం టార్పాలిన్ అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపింది. నలభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్న మనిషి వేళ్లు అవి. "పిల్ల చెప్పింది నిజమే" అంది. "గిది బట్టేనా? లోపల పండుకుంటే ఉడికి చస్తం. మీద కప్పు నువ్వు కుట్టు భాయ్. గోడలకు బట్ట నేను నేస్త."

మా ఆయన వైపు చూశాను. ఆయన వంగి చక్రం నట్టు బిగుతుగా ఉందో లేదో చూస్తున్నాడు. పొద్దున్నే బిగించిన నట్టు అది.

మగ్గం మూలకు పడి ఆరేళ్లు. అటక మీద నూలు మిగిలి ఉంది, దుప్పట్లు నేసినప్పటిది. వదినె దాన్ని దించింది, దులిపింది, రెండు పోగులు కలిపి దట్టంగా నేస్తానంది. మగ్గం పని ఒక్కరితో అయ్యేది కాదు. వీధి పొడుగునా పడుగు చాపితే అటు కొస పట్టుకోవడానికి ఒకరు కావాలి. నేసేవాళ్లు నేస్తుంటే రాట్నం ముందు కూర్చుని నూలును కండెలుగా చుట్టి అందించడానికి ఒకరు కావాలి. ఆ ఒకరు నేను. రోజూ పొద్దున వంట కాగానే రాట్నం ముందు కూర్చునేదాన్ని. చుట్టిన ప్రతి కండె ఆ గోడలోకే పోయేది. నన్ను లోపలేసే గోడకు నేనే నూలు అందిస్తున్నాను. ఒక్కోసారి ఆ కండెను తీసి వీధిలోకి విసరాలనిపించేది. విసరలేదు. ఇంకో కండె చుట్టాను.

ఒకరోజు ధైర్యం చేశాను. "వదినె, నీకా మోకాళ్ల నొప్పి. గంత దూరం కూసొని వస్తవా?" అన్నాను.

"నొప్పి ఈడున్నా నొప్పే కద పిల్లా. నువ్వు ఫికర్ చేయకు" అంది, పోగుల మధ్య నాడె ఆడించడం ఆపకుండానే.

మా ఆయనతో మాట్లాడదామంటే ఇంట్లో జాగా ఏది? అందుకని ఒక మధ్యాహ్నం ట్రైలర్ చూపించమన్నట్టు ఆయన్ను లోపలికి పిలిచి తలుపు వేశాను. చెమటలు కారిపోతున్నాయి.

"మీ అక్కకు చెప్పరాదు?"

"ఏమని?"

"మనం ఇద్దరమే పోతమని."

 "ఏమనుకుంటది?" అన్నాడు.

"నేనేమనుకుంటున్ననో ఎన్నడన్న అడిగినవా?"

ఆయన జవాబు చెప్పేలోగా తలుపు మీద చప్పుడు. వదినె. రెండు గ్లాసుల మజ్జిగ. "ఉడకపోస్తలేదా లోపట? తలుపెందుకు ఏసుకున్నరు?" అంది. మజ్జిగ తాగాం. ఇంకేం చేస్తాం?

పోనుపోను నాకు ఇంకో సంగతి అర్థమైంది. ఆ గుడ్డగది సరిగ్గా ట్రైలర్ తలుపు ముందు వస్తుంది. అంటే నది ఒడ్డుకు పోయినా, నేను బయటికి రావాలంటే వదినె చాప దాటుకునే రావాలి. ముందుగది, వెనకగది, మధ్యలో ఒక తలుపు. అంతదూరం పోయి మా ఇంట్లోనే దిగుతాం. 

బట్ట తయారైంది. తెల్లటి నేత, అడుగున ఎర్రంచు. బాగుందని చెప్పడానికి నాకు మనసు రాలేదు గానీ, బాగుంది. నార్కట్‌పల్లి పెద్దాయన దాన్ని పట్టుకుపోయి పైకప్పుతో కలిపి కుట్టి, ఒక పగటిపూట మా వాకిట్లోకే వచ్చి బిగించాడు. ఒక పక్క ట్రైలర్, మూడు పక్కల వదినె నేసిన గోడలు. వచ్చే ఆదివారం ప్రయాణం.

"తెర తలుపు దగ్గర తాళ్లు కుట్టాలె" అన్నాడు పెద్దాయన. "బయటికెల్లి కట్టేటట్టు పెట్టాల్నా?"

"లోపలికెల్లి" అంది వదినె.

"లోపలికెల్లా?"

"ఔ భాయ్. లోపలున్నోళ్లు ముడేసుకునేటట్టు పెట్టు."

ఆయన సూది తీసి అక్కడే కూర్చుని కుట్టాడు. వదినె లోపలికి పోయింది. తెరలు దగ్గరికి లాక్కుంది. లోపల తాళ్లు ముడిపడుతుంటే గుడ్డ కొంచెం కొంచెం కదిలింది, తర్వాత ఆగింది. కొలత చూసుకుంటుందేమో అనుకున్నాను. పెద్దాయన వెళ్లిపోయాడు. మా ఆయన బజారుకు పోయాడు. గంటయింది, రెండు గంటలయ్యాయి.

చాయ్ పట్టుకుని పోయాను. "వదినె, చాయ్" అన్నాను. ముప్పై రెండేళ్లుగా నేను పిలిస్తే పిలుపు పూర్తికాకముందే లేచి వచ్చే మనిషి.

"ఆడ పెట్టు పిల్లా. తర్వాత తీసుకుంట" అంది లోపలి నుంచి.

గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఆమె లోపల ఉంది, నేను బయట ఉన్నాను, మధ్యలో నేను చుట్టిన నూలు. మా ఇంట్లో ఆమెకు గది లేదని నాకు తెలియదా? తెలుసు. ఆమె చాప దాటుకుంటూనే కదా రోజూ బయటికి పోయాను. నాకు చాటు లేదని ఏడ్చాను గానీ, నాకు పర్ద అయినా ఉంది. ఆమె చీర మార్చుకోవాలంటే వీధి తలుపు మూసి, మగ్గం చాటుకు పోయి, మమ్మల్ని ఇటు రావద్దని కేకేసేది. సిగ్గేసింది నాకు. సిగ్గేసినా కోపం పోలేదు, రెండూ ఉన్నాయి.

ఆ రాత్రి నుంచి ఆమె అందులోనే పడుకుంది. శనివారం గోడలు విప్పబోతే "ఇంకో రెండు దినాలు ఉండనీ తమ్మీ" అంది మా ఆయనతో. తర్వాత తన ట్రంకుపెట్టె తెచ్చుకుంది. తర్వాత అద్దం. ఆదివారాలు పోయాయి. ట్రైలర్ తలుపు ఆమె గదిలోకే తెరుచుకుంటుంది కాబట్టి, మేం దానిలోకి ఎక్కాలన్నా ఇప్పుడు ఆమెను అడగాలి. ప్రయాణం మాట ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

రెండు నెలలకు ఒకరోజు పొద్దున, మా ఆయన ట్రైలర్ చక్రానికి గాలి కొడుతూ పంపు ఆపాడు. వదినె కూరగాయలకు పోయి ఉంది. చుట్టూ చూసి, నెమ్మదిగా, నేను జీవితమంతా ఎదురుచూసిన మాట అన్నాడు.

"తాళ్లు విప్పుదామా? ఇద్దరమే పోదం. అక్కకు నేను చెప్త."

 ఔననడానికి నోరు తెరిచాను. ఎదురుగా ఆ గుడ్డగది ఉంది. బజారుకు పోతూ కూడా తెర దగ్గరగా లాగి, గాలికి తెరుచుకోకుండా అడుగున రాయి పెట్టిపోయింది.

"వద్దు" అన్నాను.

"రెండు దినాలే కద. గా రెండు దినాలు ఇంట్ల పండుకుంటది."

"విప్పితే అది మన ట్రైలర్ పర్ద అయితది. ఇప్పుడు ఆమె ఇల్లది. మళ్లొచ్చి కట్టినా, ఇంక ఆమె ఇల్లు కాదు."

ఆయన పంపు కింద పెట్టాడు. "ఇద్దరమే పోవాలని నువ్వే కద ఏడ్చింది?"

"ఏడ్చిన. ఇప్పుడు గూడ ఏడుస్తున్న" అన్నాను. "కని ఆమె ఏడ ముడేసుకుంటది?"