ఔటర్ కాడ అత్తమ్మ

జర గా చాయ్ ఇటు జరుపుండ్రి, లేచి అందుకునే ఓపిక గూడ లేదు నాకు. ఒక్క ఇంగ్లీషు ముక్క నిన్న నన్ను రానుపోను నూట యాభై కిలోమీటర్లు తిప్పింది!

మా అత్తమ్మకు నా మీద రెండేండ్ల సంది కోపం. గప్పుడు నల్లగొండ బస్టాండుల దిగి నా కోసం రెండు గంటలు సూసింది. నేను మర్శిపోయిన. "అల్లునికి నేనంటే లెక్కలేదు" అని అటే ఎనుకకు పోయింది. మళ్ల మా గడప తొక్కలే. మా ఆమె ఎన్నిసార్లు ఏడ్సిందో! నిన్న ఎట్లనో ఒప్పుకొని, పట్నంల కొడుకు ఇంటి నుంచి బయలెల్లింది.

"ఈసారి గూడ మర్శినవంటే అమ్మ ఇగ జన్మల రాదు," అన్నది మా ఆమె. దేంట్ల వస్తాందో గూడ చెప్పిందట. నేను ఫోన్ సూస్కుంట "ఊ" అన్ననట.

మధ్యాహ్నం అత్తమ్మ ఫోన్.

"ఔటర్ల ఆగినం బిడ్డా. అర్ధగంటయింది, కదుల్తలేదు. జర జల్ది రా..."

టుక్కుమని కట్! మళ్ల చేస్తే స్విచాఫ్.

ఔటర్ అంటే నాకు తెలిసింది ఒక్కటే, పట్నం సుట్టు తిరిగే రింగ్ రోడ్డు. బామ్మర్ది కారు ఆడ ఖరాబయిందనుకున్న. ఆఫీసుల పర్మిషన్ పెట్టి, దోస్తు కారు అడుక్కొని ఉరికిన. ఏసీ పనిచెయ్యదు. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్... మాడు పగిలే ఎండ. ఔటర్ కాడ దిగి, ఆగిన ప్రతి కారులకు తొంగి సూసుడే. ఒకాయన "ఏం గావాలె?" అన్నడు. "మా అత్తమ్మ" అన్న. అద్దం ఎక్కించుకున్నడు.

గప్పుడు మా ఆమె ఫోన్. "ఏడున్నవ్?"

"ఔటర్ కాడ! మీ అమ్మ కనవడ్తలేదే!"

"అమ్మ ఇంట్ల ఉన్నది. స్టేషన్ల గంటసేపు నీ కోసం సూసి ఆటోల వచ్చింది. నువ్వు పట్నమెందుకు పోయినవయ్యా?"

స్టేషన్! అంటే అత్తమ్మ రైలుల వచ్చింది. కారు ఎనుకకు తిప్పిన.

ఇల్లు చేరేసరికి పొద్దు గూకింది. మా బాపు రైల్వేల గేట్‌మన్ చేసి రిటైరయిండు. నన్ను సూడంగనే మొదలువెట్టిండు.

"ఔటరంటే సిగ్నల్ రా. స్టేషన్ల లైన్ ఖాళీ లేకుంటే బండిని ఊరవతల్నే ఆపే సిగ్నల్. గా రోడ్డు పుట్టకముందు సంది గదే ఔటర్. ఔట్ అంటే బయట, ఔటర్ అంటే ఇంకింత బయట. నువ్వు జిల్లానే దాటినవ్!"

నేనింక చెప్పులన్న ఇడ్వలే, లోపల అత్తమ్మ ఎవరితోనో ఫోన్ల మాట్లాడుతాంది. మళ్ల సంచి సర్దుతాందేమో అని తలుపు కాడనే నిలవడి ఇన్న.

"లెక్కలేదనుకున్న గాని కాదు వదినా. నా కోసం గంత ఎండల పట్నందాక ఉరికిండు. పిల్లగాడు మంచోడే... తెలివే లేదు పాపం!"